ఏడాది నిండకుండా ఎక్కిన కొండ

వియత్నాం వెళ్లొచ్చామంటే కొండాపూర్‌లో ఇప్పుడెవరూ ఆశ్చర్యపోరు. మా అపార్ట్‌మెంట్‌లోనే నాలుగు కుటుంబాలు వెళ్లొచ్చాయి. లిఫ్ట్‌లో ఎదురైనవాళ్లు పడవ ఎక్కారా, ఫలానా వంతెన మీద ఫొటో దిగారా అని అడుగుతారు. మేం ఆ రెండూ చేయలేదు. చూసింది తక్కువ, జారిపడ్డది ఎక్కువ. ఆ జారిపడ్డ చోటు గురించే రాస్తున్నాను.

మేం అంటే నేనూ, మా బావగారు యాదగిరి. ఆయనది గోపన్‌పల్లి. గచ్చిబౌలి ఆఫీసులకు ఉద్యోగుల బస్సు ఇరవై రెండేళ్లు నడిపారు. ఆయన భార్య భారతి మా అక్క. ఎనిమిది నెలల కిందట చనిపోయింది. అప్పటినుంచి బావగారు స్టీరింగ్ ముట్టలేదు. పొద్దుటి నడక మానేశారు. బాల్కనీలో కూర్చుని, ఎదురుగా కడుతున్న టవర్‌కు ఇవాళ ఎన్నో అంతస్తు వేశారో చూస్తుంటారు. వాళ్లమ్మాయి స్వప్న టికెట్లు కొని మా ఇద్దరి చేతుల్లో పెట్టింది. నన్ను పక్కకు పిలిచి, "మామా, నాన్నను ఓదార్చకు, ఏం చెప్పకు. జర నడిపియ్యి, అంతే" అంది.

నిజానికి బావగారితో నాకు చనువు లేదు. అక్క ఆయన్ని ఇష్టపడి పెళ్లి చేసుకున్నప్పుడు మా నాన్న ఆమెతో మాట్లాడటం మానేశారు. నేనూ మానేశాను, పదకొండేళ్లు. తర్వాత రాకపోకలు మొదలయ్యాయి కానీ మా ఇద్దరి మాటలు కుశల ప్రశ్నలు దాటలేదు. అలాంటి ఇద్దరం ఒకే గదిలో ఏడు రోజులు ఉండబోతున్నామని విమానం ఎక్కాక గానీ నాకు తట్టలేదు.

హనోయ్: చిన్న కుర్చీలు

హనోయ్ పాత పేటలో జనం కాలిబాట మీదే కూర్చుని తింటారు. కుర్చీలు మన అంగన్‌వాడీ పిల్లల కుర్చీలంత ఉంటాయి. బావగారు మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని, లేవడానికి మాత్రం నా భుజం పట్టుకున్నారు. నేను మాంసం తినను కాబట్టి నాకు సోయా పనీరు వేసిన నూడుల్స్ వచ్చాయి. పక్కన ఒక పళ్లెం నిండా పచ్చి ఆకులు పెట్టారు. పుదీనా గుర్తుపట్టాను, తక్కినవి తెలియవు. అన్నీ తుంచి వేసుకోమని వడ్డించే ఆమె చేతితో చూపించింది.

పచ్చసొన గిలక్కొట్టి నురగలా పోసే గుడ్డు కాఫీ అక్కడ పేరున్నది. ముప్పై అయిదు వేల డాంగులు అనగానే గుండె ఆగుతుంది కానీ, మూడు సున్నలు కొట్టేసి మూడింతలు చేస్తే మన రూపాయలు దాదాపుగా వస్తాయి. ఈ సూత్రం బావగారు మొదటి గంటలోనే కనిపెట్టారు. నురగ మీద చెంచా పెట్టి చూసి, "మీ అక్క ఉంటే గుడ్డు నీసని ఈ కప్పు ఇంట్లకు రానియ్యకపోతుండె" అన్నారు. ప్రయాణంలో ఆమె మాట ఎత్తింది అదే మొదటిసారి.

ఆ సాయంత్రం రోడ్డు దాటడం పెద్ద పనైంది. మోటార్ సైకిళ్లు ఆగవు. ఖాళీ దొరికితే దాటుదామని పావుగంట నిలబడ్డాం. జామకాయల కావడి మోస్తున్న ఒక ముసలామె మమ్మల్ని చూసి, బావగారి మోచెయ్యి పట్టుకుని నేరుగా బండ్ల మధ్యలోకి నడిచింది. బండ్లే పక్కకు తప్పుకున్నాయి. అవతలికి చేరాక బావగారు వెనక్కి తిరిగి చాలాసేపు చూశారు. హారన్ మీంచి ఒక్కడూ చెయ్యి తీయడం లేదు, కానీ ఒక్కడూ తిట్టడం లేదు అన్నది ఆయన పరిశీలన. గచ్చిబౌలి చౌరస్తాలో అయితే హారన్‌తో పాటు తిట్లూ ఉంటాయని కూడా అన్నారు.

సాపా: అద్దె బూట్లు

సాపా ఉత్తరాన, చైనాకు దగ్గరగా ఉన్న కొండ ఊరు. చలి, మంచు, ఆగని చినుకు. మాకు దారి చూపడానికి వచ్చిన ఆమె పేరు మై. హ్మోంగ్ తెగ మనిషి, నలభై అయిదేళ్లుంటాయేమో, నా భుజం దాకా వస్తుంది. వీపున వెదురు బుట్ట. రెండు చేతులూ మణికట్టు దాకా నీలంగా ఉన్నాయి. బావగారు అదేదో చర్మరోగం అనుకుని దవాఖానకు చూపించుకోమన్నారు. ఆమె నవ్వి తన కోటు అంచు పట్టి చూపింది. నీలిమందులో బట్ట ముంచే చేతులు అవి. మా ఇంగ్లీషు కంటే ఆమె ఇంగ్లీషే వేగంగా ఉంది. అంతా యాత్రికుల దగ్గర విని నేర్చుకున్నదట, ఒక్క అక్షరం చదవలేదు. ఆమె మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

రబ్బరు బూట్లు నలభై వేలకు అద్దెకిస్తారు. అంటే నూట ఇరవై రూపాయలు. నేను తీసుకున్నాను. స్వప్న కొనిచ్చిన కొత్త స్పోర్ట్స్ షూస్ ఉండగా తనకెందుకని బావగారు వద్దన్నారు. మై వాదించలేదు. ఆయన పాదాల వంక ఒకసారి చూసి, ఒక జత తీసి తన బుట్టకు కట్టుకుంది. అరగంట తర్వాత ఆయనే అడిగారు. సరిగ్గా సరిపోయాయి. అప్పటినుంచి ఆమెను "చెల్లె" అని పిలవడం మొదలుపెట్టారు. అర్థం చెబితే ఆమె ఒప్పుకుంది.

నడుస్తూ ఆమె మమ్మల్ని అన్నీ అడిగింది. పిల్లలెందరు, వయసెంత, బర్రెలు ఎన్ని. మూడో ప్రశ్నకు బావగారి ముఖం విచ్చుకుంది. వాళ్లింట్లో ఒకప్పుడు పదకొండు బర్రెలుండేవి, పక్కనున్న యూనివర్సిటీకి పాలు పోసేవారు. పొలాల్లో కనిపించిన బర్రెలను చూపించి, ఇవి పూటకెన్ని లీటర్లు ఇస్తాయని అడిగారు. మై అర్థం కానట్టు చూసింది. వాళ్లు బర్రె పాలు పిండరట. దున్నడానికి పెంచుతారు, పాలు దూడ తాగుతుంది. బావగారు ఆ మాటను ఒక అర కిలోమీటరు మోశారు. చివరికి నాతో తెలుగులో, "అంత మంచి బర్రెలు. పాపం, వీళ్లకు ఎవ్వలు చెప్పలే" అన్నారు.

దారి తెగిన చోట

మాకు చెప్పింది లోయలో, వరిమడుల పక్కన, చదునైన నడక అని. రాత్రి వానకు ఆ దారి మీద కొండచరియ జారింది. ఎర్రమట్టి, రాళ్లు, వేళ్లతో సహా ఒక చెట్టు అడ్డంగా పడి ఉన్నాయి. మై చూసి, పైనుంచి పోదాం అంది. అడవిలోంచి ఎక్కి, గట్టు దాటి దిగితే మేం ఆ పూట ఉండాల్సిన పల్లె వస్తుంది. మూడు గంటలు. ఆమె కర్రతో చూపించిన వైపు బావగారు తలెత్తి చూశారు. తర్వాత పక్కనున్న బండ మీద కూర్చున్నారు.

"ఏడాది నిండలే కదా. కొండ ఎక్కొద్దు."

చావు జరిగిన ఇంటివాళ్లు ఏడాది పాటు దేవుడి కొండ ఎక్కరు. మన ఇళ్లలో అందరికీ తెలిసిన నియమమే. నేను దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. అది గుడి ఉన్న కొండలకే వర్తిస్తుంది బావగారూ, ఇది ఉత్త అడవి అన్నాను.

"దేవుడు లేని గుట్ట ఉంటదా?"

ఆయన గొంతు తగ్గించి, "నాకేమైతదని కాదు. మీ అక్కకు దారి ఆగుతదేమో" అన్నారు.

తర్వాత నేరుగా మైనే అడిగారు, ఈ కొండ మీద దేవుడున్నాడా అని. ఇక్కడికి వచ్చే మన దేశస్థులు గుళ్ల గురించి అడగడం ఆమెకు అలవాటు. ఈయన దణ్ణం పెట్టుకోవాలని అడుగుతున్నాడనుకుంది. ఆయన్ని సంతోషపెట్టాలని, "ఉన్నాడు. చాలా గట్టి దేవుడు. ఏటా పందిని ఇస్తాం" అని చెప్పింది. బావగారు కోర్టులో గెలిచినవాడిలా నా వైపు తిరిగారు.

"ఇన్నవా?"

ఇక వెనక్కి పోవడమే. సాపా హోటల్ కిటికీ దగ్గర రెండు రోజులు కూర్చోవడానికి గోపన్‌పల్లి బాల్కనీ చాలదా? స్వప్నకు ఏం చెప్పాలో ఆలోచిస్తూ, మైకి సంగతి వివరించాను. ఆమె నవ్వుతుందేమోనని భయపడ్డాను. నవ్వలేదు. బుట్ట దించి, తనూ కూర్చుని, చెయ్యంత పొడవు దోసకాయ తీసి చెక్కు తీసింది. మాకు చెరో ముక్క ఇచ్చాక చెప్పింది. దేవుడి చెట్లు కొండ నెత్తిన, ఎడమ వైపు ఉంటాయి. అక్కడికి తనూ వెళ్లదు. ఏడాదికొకసారి, అదీ మగవాళ్లే వెళతారు. అక్కడ రాలిన ఆకు కూడా ఎవరూ తీయరు. మనం పోయే దారి ఆ చెట్లకు చాలా కింద నుంచి పక్కగా పోతుంది.

బావగారు దోసకాయ ముక్క పూర్తిగా తిన్నారు. ఇరవై రెండేళ్లలో ఆయన ఎన్నోసార్లు బస్సు నిండా జనాన్ని గుట్ట మీది గుడికి తీసుకెళ్లారు. ఆ అనుభవం పనికొచ్చింది.

"గుట్ట కింద పార్కింగ్‌ల బస్సు పెట్టుకొని కూసుంటం చూడు. పైకి పోకుండ. గట్లన్నట్టు."

"అచ్చం అంతే బావగారూ."

"మైల ఉన్న డ్రైవర్లు గూడ పార్కింగ్ దాక వస్తరు. అండ్ల తప్పు లేదు" అని లేచారు. నేను పెద్ద చదువులు చదివి తేల్చలేని సంగతిని ఆయన పార్కింగ్‌తో తేల్చేశారు.

మొదటి గేరు

ఆ అడవి దారిని దారి అనడం మర్యాద కోసమే. చెట్ల వేళ్లే మెట్లు. వేళ్ల మధ్య మెత్తటి బంకమట్టి, అడుగు పెడితే పిక్క దాకా మింగుతుంది. వెదుళ్లు, వాటి కింద మొదలు దగ్గర ఎర్రగా కాసిన పెద్ద ఏలకుల మొక్కలు. మన బిర్యానీలో వేసే నల్ల ఏలక్కాయ ఇలా నేల మీద గుత్తిగా కాస్తుందని అక్కడే చూశాను. చూస్తూ జారాను. వీపు మీద పది అడుగులు కిందికి పోయి ఒక మొక్కను పట్టుకుని ఆగాను.

"బామ్మర్ది, బ్రేకులు చూసుకో" అన్నారు పైనుంచి. అక్కడి నుంచి డ్రైవింగ్ పాఠం మొదలైంది. ఎక్కేటప్పుడు మొదటి గేర్‌లో పోవాలి. మధ్యలో ఆగకూడదు. ఆగితే బండి వెనక్కి లాగుతుంది. ఈ పాఠం చెబుతూనే ఆయన కుడి బూటు బురదలో ఇరుక్కుంది. కాలు పైకి వచ్చింది, బూటు రాలేదు. ఒంటి కాలి మీద కొంగలా నిలబడి నన్ను నవ్వొద్దన్నారు. మై రెండు చేతులతో బూటు పీకి, అందులో నీళ్లు వంపి, తిరిగి తొడిగింది.

సగం దూరం ఎక్కాక తిన్నాం. ఆకులో కట్టిన అన్నం, గుడ్డట్టు, ఉడికించిన గుమ్మడి తీగల కూర. ఉప్పు తప్ప ఏమీ లేదు. మా దగ్గర చింతకాయ తొక్కు ఉంది. మై వేలితో తీసి నాలుక మీద రాసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ తీసుకుంది. బావగారు డబ్బా ఆమె వైపు జరిపేశారు.

మై భర్త పోయి మూడేళ్లయింది. మీలో పోయినవాళ్లకు ఏడాదంతా ఏం చేస్తారని బావగారు అడిగారు. ఏడాది సంగతి కాదు, మొదటి రోజు సంగతి ఆమె చెప్పింది. ఊళ్లో ఆ తంతు తెలిసిన పెద్దాయన ఒకరు వచ్చి పోయిన మనిషికి దారి చెబుతారట. చనిపోయిన చోటు నుంచి మొదలుపెట్టి వెనక్కి, ఆ మనిషి బతికిన ప్రతి ఇల్లూ పేరు పెట్టి చెప్పాలి. ప్రతి చోటా అక్కడి నీళ్లకు, పొయ్యికి, ఇన్నాళ్లు ఉండనిచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. అలా పుట్టిన ఇంటి దాకా. అక్కడ, కాన్పప్పుడు నేలలో పాతిన తమ మావిని చొక్కాలా తొడుక్కుని పెద్దల దగ్గరికి పోతారు. మన పల్లెల్లోనూ మావిని పాతేవారు, కానీ దానికోసం ఎవరూ తిరిగి వెళ్లినట్టు నేను వినలేదు. ఆమె భర్త రెండేళ్లు ఎక్కడో ఇటుక బట్టీలో పనిచేశాడట. ఆ ఊరి పేరు ఎవరికీ గుర్తులేక ఎవరెవరికో ఫోన్లు చేశారట.

ఒక పేరు తప్పిపోతే ఏమవుతుందని బావగారు అడిగారు.

"అక్కడే ఆగిపోతాడు" అంది మై. "అందుకే ఇంటివాళ్లందరూ కూర్చుని గుర్తు చేసుకోవాలి."

వరుస

మళ్లీ ఎక్కడం మొదలుపెట్టాం. ముందు మై, తర్వాత బావగారు, వెనక నేను. కొంత దూరం పోయాక ఆయన వెనక్కి తిరగకుండానే అడిగారు.

"దవాఖాన గూడ చెప్పాల్నా?"

మైని అడిగాను. నిద్రపోయిన ప్రతి చోటూ అంది.

"దానికి గూడ థాంక్స్ చెప్పాల్నా?"

అదీ అడిగాను. మై ఆగి ఆయన వంక చూసింది. "ఉండనిచ్చింది కదా" అంది.

ఇంకో యాభై అడుగులు వేశాం. "దవాఖాన. రెండో అంతస్తు. పన్నెండో నంబర్ మంచం" అన్నారు. తర్వాత ఇంకేదో గొణిగారు, ఏమన్నారో వినపడలేదు.

తక్కినవి ఊపిరి తీసుకునే చోటల్లా ఒక్కొక్కటిగా వచ్చాయి. గోపన్‌పల్లిలో ఇప్పుడున్న ఫ్లాట్. దానికి ముందు కొండాపూర్‌లో కిరాయికున్న రెండు గదులు. అక్కడ తెల్లారకముందే నీళ్ల ట్యాంకర్ వచ్చేది. ఇప్పుడు అదే చోట జిమ్ము ఉంది. దానికి ముందు లింగంపల్లి రైల్వే గేటు పక్కన రేకుల గది, స్వప్న పుట్టింది అక్కడే. అన్నిటికన్నా ముందు వాళ్ల బర్రెల కొట్టం పక్క గది. కొత్త కోడలిని వాళ్లమ్మ ఆరు నెలలు ఇంట్లోకి రానివ్వలేదట. అక్క మీద అలిగినవాళ్లం మా ఇంట్లోనే ఉన్నామని అంతవరకూ అనుకున్నాను.

ఈ ఇళ్లలో గోపన్‌పల్లి ఫ్లాట్ తప్ప నేను చూసింది ఒక్కటీ లేదు.

"లింగంపల్లి రూంల ఉన్నప్పుడు నీ డిగ్రీ రిజల్ట్ వచ్చింది" అన్నారు. "పేపర్‌ల నీ నంబర్ చూసి వాడకట్టంత లడ్డూలు పంచింది. ఎవ్వలన్న అడిగితే మా తమ్ముడు పాసయిండని చెప్పింది. నీకు తెల్వది."

తెలియదు. నా హాల్‌టికెట్ నంబర్ ఆమెకు ఎలా తెలిసిందో కూడా తెలియదు. అప్పటికి నేను ఆమెతో మాట్లాడటం మానేసి ఏడాది దాటింది. బురద చూసుకుంటూ నడిచాను.

గట్టు మీద గాలి వేసింది. ఎడమ పక్క, దూరంగా పైన, నల్లగా గుబురుగా ఉన్న చెట్లను మై గడ్డంతో చూపింది, వేలితో కాదు. బావగారు చెప్పులు విప్పినట్టు రెండు బూట్లూ విప్పి, తడి మేజోళ్లతో నిలబడి దణ్ణం పెట్టి, మళ్లీ తొడుక్కున్నారు.

"కొట్టం దాక చెప్పిన. అంతకు ముందటియి నాకు తెల్వదు. ఇగ నువ్వు చెప్పాలె" అన్నారు.

దిగేటప్పుడు

ఎక్కడం కంటే దిగడం కష్టం. పాదం అడ్డంగా పెట్టి, కర్ర గుచ్చి, వెదురు పట్టుకుని దిగాలి. మా నాన్న రైల్వేలో బుకింగ్ క్లర్కు. మాకు సొంత ఇల్లంటూ ఎప్పుడూ లేదు, అన్నీ క్వార్టర్లే. నేను వరుసగా చెప్పాను. పెళ్లికి ముందు యూనివర్సిటీలో టైపిస్టుగా ఉన్నప్పుడు అక్క ఉన్న హాస్టలు. దానికి ముందు బాపట్ల క్వార్టరు. రేపల్లె క్వార్టరు, గూడ్సు బండి వస్తే గూట్లో గిన్నెలు మోగేవి. తెనాలి క్వార్టరు, గూడ్సు షెడ్డు వెనక ఆమె నాకు సైకిల్ నేర్పింది.

"ఆ సంగతి నాకు చెప్పింది. మోరీల పడ్డవంట గద" అన్నారు. పడ్డాను. ఆమె మురిక్కాలవలోకి తోసిందని ఇంట్లో చెప్పాను, దెబ్బలు ఆమెకు పడ్డాయి. అది ఆమె ఆయనకు చెప్పలేదు. నేను చెప్పాను.

"సరె. తెనాలిల పుట్టింది. అయిపోయింది" అన్నారు బావగారు.

"కాదండీ. పుట్టింది డోర్నకల్‌లో."

ఆయన ఆగిపోయారు. "ఏ డోర్నకల్?"

"మీ వైపు డోర్నకలే. జంక్షన్. నాన్నకు మొదటి పోస్టింగ్ అక్కడ. అక్కకు మూడో నెల రాగానే తెనాలి బదిలీ అయింది. బళ్లో తెనాలి అనే రాయించారు."

బావగారు వెదురు బొంగు పట్టుకుని నన్ను చూస్తూ నిలబడ్డారు. "ముప్పై ఏండ్లు" అన్నారు. "పప్పుల చింతపండు ఎక్కువైతే ఆంధ్రోళ్ల పిల్ల అంటి. మాట సాగదీస్తే ఆంధ్రోళ్ల పిల్ల అంటి. మా అమ్మ సచ్చేదాక గదే అన్నది. ఒక్కనాడన్న నోరు ఇప్పలే గదా, మీ అక్క."

"చెబితే ఆ రోజుతో మీరు అనడం మానేసేవారేమో."

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. ఎనిమిది నెలల్లో ఆ నవ్వు నేను వినలేదు. నవ్వుతూ బొంగు వదిలేశారు. రెండు కాళ్లూ ఒకేసారి ముందుకు పోయాయి. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే కిందికి జారిపోయారు. పట్టుకోబోయి నేనూ వెనకాలే జారాను. ఇద్దరం ఒక వెదురు పొద దగ్గర ఆగాం. మై పరుగున దిగివచ్చి, ఎముకలేమీ విరగలేదని తడిమి చూసి, ఏమైందని అడిగింది. మా అక్క పుట్టింది ఈయన వైపేనని ఈయనకు ఇప్పుడే తెలిసింది అని చెప్పాను. మై ఏమీ ఆశ్చర్యపోలేదు. చివరిదాకా చెప్పకపోతే ఎలా తెలుస్తుంది అంది.

బావగారు కళ్లు తుడుచుకోబోయి ముఖమంతా మట్టి చేసుకున్నారు. క్వార్టర్ నంబర్ ఎంత అని అడిగారు. నాకు తెలియదు. అప్పటికి నేనింకా పుట్టలేదు. స్టేషన్ వెనక వరసలో అని, గుమ్మం ముందు చేతిపంపు ఉండేదని అమ్మ చెబుతుండేది. అంతే తెలుసు.

చాలన్నారు. అక్కడే, బురదలో కూర్చునే, తక్కిన పేర్లు చెప్పినట్టే "డోర్నకల్" అని పైకి అన్నారు. మేం లేచాం.

పల్లెలో, తర్వాత

పల్లెలో పొయ్యి చుట్టూ కూర్చుని తిన్నాం. బావగారు అన్నం మూడుసార్లు వేయించుకున్నారు. మర్నాడు పొద్దున మై అత్తగారి బర్రె దగ్గర కూర్చుని పాలు పిండి చూపిస్తానన్నారు. బర్రె ఒప్పుకోలేదు. వచ్చేముందు మై అద్దకం వేసిన సంచులు రెండు కొన్నారు. చందానగర్ మార్కెట్‌లో కొత్తిమీర కట్టకు బేరమాడే మనిషి, అడిగినంత ఇచ్చేశారు. తక్కిన రోజుల్లో రోజూ నడిచాం. దారులన్నీ చదునుగా ఉన్నాయి కాబట్టి రాయడానికేమీ లేదు.

విమానాశ్రయానికి స్వప్న వచ్చింది. వాళ్ల నాన్న కొత్త షూస్ అంచున ఇంకా వదలని ఎర్రమట్టి చూసి నా చేతిలో బ్యాగు అందుకుంది. కారులో బావగారు డోర్నకల్ పోవాలన్నారు. ఏడాది అయ్యాక, సంవత్సరీకం పెట్టేసి అందరం వెళదాం అన్నాను నేను.

"ఎందుకు? డోర్నకల్ ఏమన్న గుట్ట మీదున్నదా?" అన్నారు.

మర్నాడు పొద్దున సికింద్రాబాద్‌లో రైలెక్కాం.